ఇరవై వేల కిలోమీటర్ల ఆయిల్ ఫిల్టరు: వాడి, కోసి చూశాక

డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాలతో ‘20,000 కిలోమీటర్లు’ అని, దాని కింద ‘99 శాతం శుద్ధి’ అని ఉంది. వెనక వైపు, వెలుతురులోకి తిప్పి పట్టుకుంటే తప్ప కనపడని అక్షరాల్లో ‘తగిన సింథటిక్ ఆయిల్‌తో వాడండి, వాహన తయారీదారు చెప్పిన గడువు పాటించండి’ అని ఉంది. మా డిజైర్ తయారీదారు చెప్పిన గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. అంటే ముందు వైపు ఇచ్చిన మాటను వెనక వైపే సగానికి తగ్గించేశారు. నాకు మొదట కోపం తెప్పించింది ఇదే. ఫిల్టరు మంచిదా కాదా అన్నది మాత్రం వేరే ప్రశ్న. దానికి జవాబు డబ్బా మీద దొరకదు.

కడపలో మాకు రెండు పెట్రోలు డిజైర్లు, ఒక ఇన్నోవా బాడుగకు తిరుగుతున్నాయి. బండ్లు మా ఆయన చూసుకుంటారు. సామాన్లు కొనడం, లెక్క రాయడం నా పని. ఏ బండికి ఎప్పుడు ఏ ఆయిల్ పోశాం, అప్పటికి మీటరు ఎంత చూపించింది, ఫిల్టరు ఏ షాపులో తెచ్చాం అన్నవన్నీ నా నోటుబుక్కులో ఉంటాయి. ఫిల్టరు కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి హామీలు ఇప్పుడు చాలా డబ్బాల మీద కనిపిస్తున్నాయి, ఏ డబ్బా చేతికొచ్చినా అడగాల్సిన ప్రశ్నలు ఒకటే.

ముందు డబ్బు సంగతి. డిజైర్‌కు కంపెనీ కౌంటరులో ఒరిజినల్ ఫిల్టరు నాకు నూట ఇరవై రూపాయలకు వచ్చింది. ఇది మూడు వందల ఎనభై. షాపు ఆయన చెప్పిన లెక్క ఇది: “అమ్మా, రెండు సార్లు మార్చేది ఒక్కసారే మారుస్తారు. ఆయిల్ ఖర్చు సగం మిగులుతుంది.” ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. బండి ఏడాదికి అరవై వేల కిలోమీటర్లు తిరిగిందనుకుంటే, పది వేలకు ఒకసారి చొప్పున ఆరు సార్లు ఆయిల్ మార్చాలి. ఇరవై వేలకు ఒకసారైతే మూడు సార్లే. ఆయిల్, ఫిల్టరు, కూలి కలిపి ఒక విడతకు మాకు రెండు వేలు దాకా అవుతుంది. ఈ ఫిల్టరుకు ఎక్కువ పెట్టిన డబ్బు తీసేసినా ఏడాదికి ఒక్కో బండి మీద ఐదు వేల పైచిలుకు మిగలాలి. బాడుగ బండికి ఐదు వేలు చిన్న మొత్తం కాదు. అందుకే నమ్మకుండా వదిలేయలేదు, పరీక్షించకుండా నమ్మనూ లేదు.

మా బండ్లు చూసే మెకానిక్ అన్న షెడ్డు ఎర్రముక్కపల్లెలో ఉంది. మూడు కొత్త ఫిల్టర్లు ఆయన ముందు పెట్టాను: ఒరిజినల్, ఈ ఇరవై వేలది, రోడ్డు పక్క దుకాణంలో డెబ్బై రూపాయలకు దొరికినది. హ్యాక్సా బ్లేడుతో కోస్తే ఇనుప రజను లోపల పడుతుందని, తర్వాత వాడిన ఫిల్టరు కోసినప్పుడు కాగితం మీద మెరిసేది ఇంజిన్ నుంచి వచ్చిందో, బ్లేడు నుంచి వచ్చిందో తెలియదని అన్న చెప్పారు. పైపులు కోయడానికి ప్లంబర్లు వాడే చక్రం కట్టరు, అందులోనూ పెద్ద సైజుది తెప్పించారు. దాన్ని ఫిల్టరు ఒంటి చుట్టూ తిప్పుతూ కొద్ది కొద్దిగా బిగిస్తే రేకు శుభ్రంగా తెగిపోతుంది.

డెబ్బై రూపాయల దాని గురించి ముందే చెప్పేస్తాను. మడతల కట్టకు పైనా కిందా ఉన్న మూతలు అట్టవి. బంక ఒక పక్క ఎక్కువై గడ్డ కట్టింది, ఇంకో పక్క అసలు అంటుకోలేదు. గోటితో లాగితే కాగితం మూత నుంచి ఊడి వచ్చింది. ఆ సందు ఉంటే ఆయిల్ కాగితం గుండా పోవలసిన పని లేదు, సందులోంచే పోతుంది. లోపలి స్ప్రింగు వాల్వు రేకు తన గుంటలో సరిగ్గా ఆనలేదు. అట్ట మూతలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. బంక సమంగా పట్టి, ఆయిల్‌లో నానినా విడిపోకపోతే అట్ట కూడా పని చేస్తుంది. ఇది మాత్రం బండికి బిగించదగ్గది కాదు.

ఒరిజినల్‌లో రేకు మూతలు, పసుపు రంగు కాగితం, సమానమైన మడతలు ఉన్నాయి. ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు నల్లది. సాదాగా ఉంది, ఎక్కడా తప్పు లేదు.

ఇరవై వేల ఫిల్టరు లోపలి పని చూసి మాత్రం నాకు నిజంగా గౌరవం కలిగింది. కాగితం తెల్లగా, మందంగా, చేతికి గుడ్డలా తగులుతుంది. కృత్రిమ నార కలిపిన పొర అది. దాని వెనక సన్నని తీగల జాలీ ఉంది. మడతలు ఒరిజినల్ కంటే తక్కువ. మడతలు తక్కువంటే మోసమని కొందరంటారు. అది సరైన కొలత కాదు. మామూలు కాగితం ఎక్కువగా పైపొర మీదే మురికిని ఆపుతుంది, నార పొర తన మందంలోపల కూడా పట్టుకుంటుంది. వెనక జాలీ ఉంటే ఆయిల్ ఒత్తిడికి మడతలు ఒకదానికొకటి అతుక్కోవు. రబ్బరు సిలికానుది. నల్ల రబ్బరు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడుతుంది, సిలికాను మెత్తదనం నిలుపుకుంటుంది. ఈ రబ్బరు ఎందుకంటే, ఇంజిన్ ఆపాక ఫిల్టరులోని ఆయిల్ కిందికి జారిపోకూడదు. జారిపోతే తెల్లవారి స్టార్ట్ చేసినప్పుడు ఆ ఖాళీ నిండేదాకా పైభాగాలకు ఆయిల్ అందదు. ఆ కాసేపు వినిపించే గలగల చప్పుడు చాలామందికి తెలిసినదే. ఈ ఫిల్టరు బిగించిన బండిలో ఆ చప్పుడు ఒక్క ఉదయం కూడా వినలేదని మా డ్రైవరు చెప్పాడు. నేనూ విన్నాను, లేదు.

ఇక 99 శాతం. ఎంత సైజు రేణువుల్లో 99 శాతం? దీనికి డబ్బా మీద జవాబు లేదు. కంపెనీ ఫోను నంబరుకు చేసి అడిగితే “హై క్వాలిటీ మేడమ్” అన్నారు. నేను అడిగింది మైక్రాన్ల లెక్క. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంజిన్ బేరింగుకూ దానిలో తిరిగే ఇరుసుకూ మధ్య ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లే ఉంటుంది. ఆ పొరలో పట్టేంత సైజు రేణువులే లోహాన్ని గీసి అరగదీస్తాయి. వెంట్రుకంత రేణువుల్లో 99 శాతం ఆపడం సామాన్యమైన ఫిల్టరుకూ సాధ్యమే. 20 మైక్రాన్ల దగ్గర 99 శాతం ఆపుతుందంటే అది చెప్పుకోదగ్గ ఫిల్టరు. దీన్ని కొలవడానికి ఐఎస్ఓ 4548-12 అనే అంతర్జాతీయ పరీక్ష ఉంది. ఆయిల్‌లో కొలిచిన దుమ్ము కలుపుతూ ఫిల్టరు గుండా మళ్లీ మళ్లీ తిప్పి, ఏ సైజు రేణువులు ఎన్ని లోపలికి పోయాయి, ఎన్ని బయటికి వచ్చాయి, మూసుకుపోయేలోపు ఎన్ని గ్రాముల దుమ్ము పట్టుకుంది అన్నవి లెక్కిస్తారు. ఈ పరీక్ష చేయించిన కంపెనీ ఆ అంకె రాసుకోవడానికి వెనకాడదు. శాతం రాసి సైజు రాయకపోతే ఆ శాతాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

సన్నగా వడగట్టడం వల్ల నిజంగా లాభం ఉందా అంటే ఉంది. 1988లో జనరల్ మోటార్స్ వాళ్లు ఒక అధ్యయనం బయటపెట్టారు. 40 మైక్రాన్ల ఫిల్టరుతో పోలిస్తే 30 మైక్రాన్లదానితో ఇంజిన్ అరుగుదల సగం తగ్గిందని, 15 మైక్రాన్లదానితో 70 శాతం తగ్గిందని అందులో తేలింది. అయితే త్వరగా ఫలితం రావడానికి అందులో ఆయిల్‌లోకి కావాలనే దుమ్ము ఎక్కించారు. మన బండిలో ఆ స్థాయి తేడా కనిపిస్తుందని చెప్పలేం. దిశ మాత్రం అదే.

వాడకంలోకి వస్తాను. ఒక డిజైర్‌కు ఒరిజినల్, ఇంకోదానికి ఇది బిగించాం. రెండింటికీ ఒకే సింథటిక్ ఆయిల్, పుస్తకంలో చెప్పిన గ్రేడు. ఒరిజినల్ ఉన్నదానికి 10,000 దగ్గర మార్చేశాం. రెండోదాన్ని 20,000 దాకా తిప్పాలన్నది ఆలోచన. 15,000 దగ్గర నేనే ఆపించాను. ఆయిల్ గేజి తీసి చూస్తే మట్టం కింది గీతకు దిగిపోయింది. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల గోధుమ రంగు పూత, గుడ్డతో తుడిచినా పోనిది. ఆయిల్ నల్లబడటం నాకు కారణం కాదు. మురికిని తనలో కలుపుకొని తేలియాడించడం ఆయిల్ పనే కాబట్టి నల్లబడుతుంది. ఈ పూత వేరు. ఆయిల్ వేడికి మాగి, గాలితో కలిసి ముదిరిపోతున్నప్పుడు వచ్చే జిగురు ఇది.

ఆ 15,000 ఫిల్టరును కూడా కోశాం. రాత్రంతా తలకిందులుగా పెట్టి ఆయిల్ వార్చి, పొద్దున ఎండలో నార పొరను పాత పేపరు మీద పరిచారు అన్న. మడతలు నిటారుగానే ఉన్నాయి. జాలీ వంగలేదు. సిలికాను రబ్బరు కొత్తదానిలాగే వేలికి లొంగింది. అయస్కాంతం తిప్పితే అంటుకున్నది అతి సన్నని నల్ల పొడి, తిరుగుతున్న ఇంజిన్‌లో ఉండేదే. మెరిసే రేకు ముక్కలు లేవు. ఒక మడత మూలలో బూడిద రంగు సన్నని పోగు ఇరుక్కుని ఉంది. అన్న దాన్ని పట్టకారుతో తీసి వేళ్ల మధ్య నలిపారు. రబ్బరులా సాగింది. అంతకుముందు చాంబరు, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, విప్పి బిగించినప్పుడు అంచులకు పూసిన పేస్టు, లోపలికి పొంగి ఊడి వచ్చింది. అది ఫిల్టరు లేకపోతే ఏదో ఒక సన్నని ఆయిల్ దారిలో అడ్డం పడేది.

కాబట్టి ఫిల్టరు 15,000 తట్టుకుంది. ఇరవై వేలు కూడా తట్టుకునేదేమో. తట్టుకోలేకపోయింది ఆయిల్. డబ్బా మీది హామీలో దాచిపెట్టిన విషయం ఇదే. ఫిల్టరు ఆపేది ఘన రేణువులను మాత్రమే. ఆయిల్‌లో కలిసిపోయిన పెట్రోలును, ఆమ్లాలను, తేమను అది ఆపలేదు. ఆయిల్‌లో కలిపి ఇచ్చే రసాయనాలు అరిగిపోతే వాటిని తిరిగి పోయలేదు. ఆయిల్‌ను ఎన్నాళ్లు ఉంచవచ్చో చెప్పే హక్కు ఫిల్టరుకు లేదు.

మా తమ్ముడు ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సులో పని చేస్తాడు. అక్కడ పెద్ద యంత్రాల గేర్‌బాక్సుల ఆయిల్‌ను తేదీ చూసి మార్చరట. నమూనా తీసి ల్యాబులో చూస్తారు. చిక్కదనం నిలిచిందా, ఇనుము ఎంత చేరింది, సిలికాన్ ఎంత చేరింది అని చూస్తారు. ఈ సిలికాన్ ఇసుకలో, మట్టిలో ఉండే మూలకం, అది పెరిగితే దుమ్ము లోపలికి వస్తోందని అర్థం. “కారు ఇంజిన్ ఆయిల్‌కైతే ఆమ్లాన్ని విరగ్గొట్టే శక్తి ఎంత మిగిలిందో కూడా చూడాలక్కా. అది అయిపోతే ఫిల్టరు ఎంత బాగున్నా లాభం లేదు” అన్నాడు. ఇందాక చెప్పిన పేస్టు సంగతి విని, అలాంటి పేస్టు కూడా పరీక్షలో సిలికాన్‌గానే కనిపించవచ్చని, ఒక్క అంకె చూసి దుమ్మని తేల్చకూడదని కూడా చెప్పాడు. గడువు పెంచాలంటే దారి ఇది: నమూనా పరీక్ష చేయించి, ఫలితం చూసి, కొద్ది కొద్దిగా పెంచడం. రెండు మూడు కార్లున్న మాలాంటి వాళ్లకు పరీక్ష ఖర్చు, ఆయిల్ మార్చే ఖర్చు పక్కపక్కన పెట్టి చూస్తే మార్చేయడమే సులువు.

యూరప్‌లో 30,000 కిలోమీటర్లకు ఒకసారి మారుస్తారు కదా అని షాపులో ఒకాయన వాదించారు. నిజమే. ఫోక్స్‌వ్యాగన్ లాంగ్‌లైఫ్ పద్ధతిలో 30,000 లేదా రెండేళ్ల దాకా వెళ్తారు. కానీ అది ఫిల్టరు కంపెనీ ఇచ్చిన గడువు కాదు. ఆ ఇంజిన్‌కు, దానికే నిర్ణయించిన ప్రత్యేక ప్రమాణం గల ఆయిల్‌తో, బండి నడిచే తీరును లెక్కగట్టే కంప్యూటరుతో కలిపి కారు తయారీదారే ఇచ్చినది. మన పెట్రోలులో గంధకం ఎక్కువ, అది మండి ఆయిల్‌లో ఆమ్లం చేరుతుంది అనే సాకు మనకు ఇప్పుడు లేదు, ఒప్పుకుంటాను. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా కాలుష్యం తగ్గించే బీఎస్ 6 ప్రమాణం పెట్రోలే, గంధకం పది లక్షల్లో పది వంతులకు మించదు. మిగిలిన తేడాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ తేడాలు మా దారుల్లో రోజూ చూస్తాం. ఎర్రగుంట్ల దాటితే సిమెంటు దుమ్ము, తాడిపత్రి వైపు బండల లారీల వెనక తెల్లని పొడి, రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కుడు, మే నెలలో నలభై మూడు డిగ్రీలు దాటే ఎండ. గండికోట చూడటానికి వచ్చినవాళ్లు లోయ దగ్గర దిగి ఫోటోలు తీసుకునేంతసేపూ పెద్దవాళ్ల కోసం బండి ఏసీ వేసి నిలబెట్టాలి. మీటరు కదలదు, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. లెక్క వేసి చూడండి. గంటకు అరవై చొప్పున 10,000 కిలోమీటర్లు వెళ్లిన ఇంజిన్ తిరిగింది 170 గంటల లోపే. ఊళ్లో గంటకు ఇరవై చొప్పున తిరిగితే అదే 10,000కు 500 గంటలు. రెండు బండ్లకూ ఒకటే గడువు ఎలా సరిపోతుంది? కారుతో వచ్చే పుస్తకంలో దుమ్ము, వేడి, ఎక్కువసేపు నిలబెట్టి నడపడం ఉన్నవాళ్లకు వేరే పట్టిక ఉంటుంది, అందులో గడువు ఇంకా తక్కువ. ఆ పేజీ తెరిచి చూసినవాళ్లను చాలా తక్కువ మందిని చూశాను.

దుమ్ము ఊళ్లలో ఉండేవాళ్లకు ఇంకో మాట. ఆయిల్‌లోకి దుమ్ము చేరేది ఎక్కువగా గాలి దారి నుంచే. మూడు వందల ఎనభై పెట్టి ఆయిల్ ఫిల్టరు కొని, ఎయిర్ ఫిల్టరును గాలి కొట్టించి మళ్లీ మళ్లీ బిగించేవాళ్లు ఉన్నారు. గట్టిగా గాలి కొడితే కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి, అంచు రబ్బరు సరిగ్గా కూర్చోకపోతే దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. డబ్బు తక్కువగా ఉంటే ముందు ఎయిర్ ఫిల్టరుకే పెట్టండి.

కాగితం మూసుకుపోతే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. ఫిల్టరులో, కొన్ని ఇంజిన్లలో ఇంజిన్ వైపే, ఒక పక్కదారి వాల్వు ఉంటుంది. కాగితం గుండా ఆయిల్ పోలేకపోతే అది తెరుచుకుని వడగట్టని ఆయిల్‌ను పంపుతుంది. ఆయిల్ అసలు అందకపోవడం కంటే మురికి ఆయిల్ అందడం మేలు కాబట్టి అలా పెట్టారు. అది తెరుచుకున్నట్టు మామూలు కార్లలో ఏ దీపమూ వెలగదు. ఎర్ర ఆయిల్ దీపం చూపేది ఒత్తిడి పడిపోయిందని మాత్రమే. బండి నున్నగా నడుస్తోంది కదా అని గడువు పొడిగించేవాళ్లకు ఈ వాల్వు గురించి ఎవరూ చెప్పరు.

షాపులో కోసి చూడలేం కాబట్టి నేను చేసేది ఇది. మూత ప్లాస్టిక్ తీసి, అడుగు రేకు చిల్లుల్లోంచి ఫోను లైటు వేసి చూస్తాను. రబ్బరు పొరను పుల్లతో మెల్లగా నొక్కితే వంగి, వెంటనే తన చోటికి రావాలి. రంగు చూసి మోసపోకండి, సిలికాను అనిపించే నారింజ రంగు మామూలు రబ్బరుకూ వేయవచ్చు. మధ్య మరలు శుభ్రంగా, రజను లేకుండా ఉండాలి. బయటి సీలు తన గాడిలో సమంగా కూర్చోవాలి. డబ్బా మీది పార్టు నంబరు, ఫిల్టరు ఒంటి మీద అచ్చు వేసినది ఒకటే కావాలి. బిల్లు తప్పనిసరిగా తీసుకుంటాను. వారంటీలో ఉన్న బండికైతే పుస్తకంలోని గడువు దాటిన తర్వాత ఏదైనా చెడితే డబ్బా మీది 20,000 అంకె చూపించి షోరూంలో నెగ్గుకు రాలేం.

తీర్పు అడిగితే, ఈ ఫిల్టరు తయారీకి ఐదుకు నాలుగు ఇస్తాను. డబ్బా మీది మాటలకు ఒకటి. ధరకు రెండు, ఎందుకంటే పది వేలకే మార్చేవాళ్లకు అందులో సగం విలువ వాడకుండానే పోతుంది. మా డిజైర్లు రెండింటికీ మళ్లీ ఒరిజినలే వేస్తున్నాం. గండికోట, ఎర్రగుంట్ల ట్రిప్పులు ఎక్కువగా పడే బండికి ఎనిమిది వేలకే మార్చమని నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాసి పెట్టాను. వారానికి ఒకసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, గేజి తీసి మట్టం చూడటం ఇప్పుడు డ్రైవరు పనుల్లో ఒకటి. ఇన్నోవాకు ఇదే కంపెనీ ఫిల్టరు ఉందని షాపు ఆయన చూపించారు. దానికీ డబ్బా మీద అదే 20,000, అదే 99 శాతం. ఎన్ని మైక్రాన్ల దగ్గర అన్న ప్రశ్న కాగితం మీద రాసి ఇచ్చాను, డీలరును అడిగి చెబుతానన్నారు. జవాబు వచ్చాకే అది కొంటాను.